తప్పెట మోగకముందే

ఆ ఊళ్ళో గంగమ్మ జాతరకు ముందు ఒక ఆదివారం సాయంత్రం చాటింపు వేస్తారు. గంగులప్ప మంట దగ్గర తప్పెటను కాచి బిగించి, భుజానికి తగిలించుకుని, వీధి వీధీ తిరిగి పొలిమేర రాళ్ళ దాకా కొట్టుకుంటూ పోతాడు. ఆ తప్పెట మోగినప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళెవరూ జాతర అయ్యేదాకా పొలిమేర దాటి నిద్ర చేయకూడదు. పగలు ఎక్కడికైనా పోవచ్చు, పొద్దుగూకేసరికి తిరిగి రావాలి. అప్పటికే బయట ఉన్నవాళ్ళకు ఈ కట్టు లేదు. కానీ ఒక్క రాత్రి లోపల పడుకున్నారంటే వాళ్ళూ కట్టులో పడ్డట్టే.

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో రోడ్డుకు ఎడమపక్క ఉన్న చిన్న పల్లె అది. ఒకప్పుడు అందరూ కూలికి పోయినవాళ్ళే. ఇప్పుడు ఇంటికొకరు పాల ఫ్యాక్టరీలోనో బస్సు డిపోలోనో జీతానికి కుదురుకున్నారు. అయినా కట్టు సడలలేదు. ఆ పది రోజులూ నైట్ డ్యూటీలు మార్పించుకుంటారు. ఒక ఏడాది కోడికూర తిని పోదామని వచ్చిన కొత్తల్లుడు చాటింపుకు దొరికిపోయి, జాతర దాకా మామగారి లుంగీలే కట్టుకుని తిరిగాడు. ఇప్పటికీ అతన్ని ఊళ్ళో లుంగీ అల్లుడనే అంటారు.

మునిరత్నమ్మ ఆ ఊరికి కోడలై వచ్చినప్పటి నుంచి జాతరలో మొదటి అంబలి కుండ ఆమె ఇంటి నుంచే పోతుంది. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఈ ఏడు ఆ కుండకే చిక్కొచ్చిపడింది.

ముట్టు ఆగి పదేళ్ళు దాటిన మనిషికి చలికాలంలో మళ్ళీ ఎరుపు కనబడింది. ఎవరికీ చెప్పలేదు. పాతకాలం మనిషి కాబట్టి దేవుడి మూలకు దీపం పెట్టడం మానేసి, వసారాలో వేరే చాప వేసుకుని పడుకుంది. కోడలు ఉషా అది చూసి మదనపల్లెలో ఉన్న ఆడబిడ్డ రోజాకు ఫోన్ చేసింది. "రోజా, అత్త దూరం కూసోనుండాది. ఈ వయసులో యాల కూసుంటాది సెప్పు?" అంది. రోజా ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చి, తల్లితో పోట్లాడి, మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయింది. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ అన్నారు. తొందరగా వచ్చారన్నారు. ఆపరేషన్ చేసి సంచి తీసేశారు. చాప వసారాలో పడబట్టి సరిపోయింది. లేకపోతే అది ఎన్నాళ్ళకు బయటపడేదో.

ఆ తర్వాత కరెంటు పెట్టాలని కుప్పం పంపారు. రేడియేషన్ అనే మాట ఆ పక్క ఎవరి నోటా పలకదు, కరెంటే. అయితే మునిరత్నమ్మకు షుగర్ ఉంది. కుట్లు చీము పట్టి మానడానికి చాలా కాలం తీసుకున్నాయి. మొదలుపెట్టాల్సిన సమయం అలా జరుగుతూ వచ్చింది. చివరికి కుప్పంలో డాక్టర్ మాధవీలత స్కాన్ తీయించి, నడుముకు అటూ ఇటూ సిరాతో గుర్తులు పెట్టించి, సోమవారం రమ్మంది.

"మళ్ళీ వస్తాదా డాక్టరమ్మా?" అని రోజా ఆరోజే అడిగింది. తొమ్మిదితో చదువు ఆగిపోయిన పిల్ల. ఆసుపత్రిలో నోరు తెరవాలంటే ముందు చీర కొంగు సర్దుకుంటుంది. కానీ ఆ ప్రశ్న మాత్రం తన్నుకుని వచ్చింది.

"రాదని రాసివ్వలేనమ్మా," అంది డాక్టర్. "జబ్బు సంచి దాటలేదు. అది మంచి సంగతి. కానీ సంచి గోడ కండలో సగం కంటే లోతుకు పోయింది. ఆమె వయసు అరవై దాటింది. కణాల రకం మరీ మెత్తనిది కాదు. సన్నటి రక్తనాళాల్లో మాత్రం జబ్బు కనబడలేదు. ఇవన్నీ ఆపరేషన్ రోజుకే తేలిపోయిన సంగతులు, మనం మార్చలేం. మన చేతుల్లో ఉండేది మిగతాది. కరెంటు సమయానికి మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. కుట్ల వల్ల ఇప్పటికే ఆలస్యమైంది. సోమవారం దాటనివ్వొద్దు."

రోజా ఆ మాటలను బిడ్డకు నేర్పే పాటలా బట్టీ పట్టింది. గిన్నెలు తోముతూ, నాలుగేళ్ళ కూతురు చాందినికి జడ వేస్తూ లోపల్లోపలే అనుకునేది. లోతు, వయసు, రకం, నాళాలు. సమయానికి మొదలు, మధ్యలో ఆపొద్దు. ఒక్కోసారి నిద్రపోతున్న చాందిని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. భయం ఒకచోట పుట్టి ఇంకోచోటికి పాకడం ఆమెకు కొత్త కాదు.

ఆ వారం మధ్యలో అన్న మునిశేఖర్ ఫోన్ చేశాడు. పెద్దవాళ్ళు కూర్చుని జాతర తేల్చారు. వచ్చే వారం దాటాక మంగళవారం జాతర, ఈ ఆదివారమే చాటింపు.

"పది దినాలే కదా రోజా. జాతర కాంగానే తెల్లార్తో పోదాం. మిషన్ యాడికీ పోదులే."

"మిషన్ పోదన్నా. జబ్బు గూడా యాడికీ పోదు, అదే కదా నా భయం."

మునిరత్నమ్మ ఫోన్ లాక్కుంది. "యేమే, సంచే తీసేసినారు. కుండే లేనప్పుడు దాంట్లోకి పురుగు యాడ్నించి వస్తాది?"

"కుండ పెట్టిన సోట సెమ్మ ఉండదా మా? వస్తే ముందు ఆ కుట్టేసిన సోటే వస్తాదని డాక్టరమ్మ సెప్పలే?"

"అట్లయితే పగలు పోయి సాయంత్రానికి వచ్చేస్తా."

"మూడు బస్సులు మారాల. మిషన్ కాడ నీ వంతు సాయంత్రం పడిందనుకో, యాడుంటావు? పలమనేరు బస్టాండులో పడుకుంటావా?"

"గంగమ్మకి కుండ యెవురు మోస్తారు?"

"వదిన మోస్తాది."

"దానికి నెత్తిన సెంబు పెట్టినా నిలవదు," అని మునిరత్నమ్మ ఫోన్ పెట్టేసింది. పెట్టేసే లోపల అవతల ఉషా నవ్వు వినిపించింది గానీ ఇవతల రోజాకు నవ్వు రాలేదు.

శనివారమంతా ఆలోచించింది. అమ్మ ఆదివారం సాయంత్రానికి ఊరి బయట ఉంటే చాలు, కట్టు ఆమెకు తగలదు. అడిగితే రాదు. రప్పించాలి. భర్త నరేంద్రతో చెప్పింది. అతను అంగళ్ళు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. "నీ ఉపాయాల్లోకి నన్ను లాగొద్దు తల్లీ, నేను మీయమ్మ కంట్లో పడలేను," అని ఆదివారం పనిలేకపోయినా బస్సు కడగడానికని పోయాడు.

ఆదివారం పొద్దున రోజా ఫోన్ చేసింది. "మా, పాపకి ఒళ్ళు కాలతాండాది. నీకోసరం కలవరిస్తాండాది. ఒక్క గడియ వచ్చిపో."

మాట నోరు దాటిన వెంటనే ఆమెకు భయమేసింది. అబద్ధానికి కాదు, అబద్ధం ఆడిన కాలానికి. అమ్మవారి నెలలో బిడ్డకు ఒళ్ళు వెచ్చబడితే దాన్ని ఆ పక్క జ్వరమని కూడా అనరు, అమ్మవారు చూసిందంటారు. లేని వేడిని రోజా తన నోటితో పిలిచింది. వాకిట్లో ఇసుకలో ఆడుకుంటున్న చాందిని దగ్గరికి పోయి నుదురు పట్టుకుని చూసింది. కాసేపటికి మళ్ళీ చూసింది. మూడోసారి చెయ్యి వేస్తే పిల్ల విసుక్కుని తోసేసింది.

మధ్యాహ్నానికి మునిరత్నమ్మ దిగింది. సంచిలో వేపమండలు, పసుపుకొమ్ములు, ఒక సీసాలో పలచటి మజ్జిగ. ఎండకు మొహం నల్లబడింది. పొట్ట మీద చెయ్యి అదిమి పట్టుకుని నడుస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా చాందిని నుదుటి మీద చెయ్యి వేసింది. తర్వాత మెడ కింద. తర్వాత అరికాళ్ళు.

"ఇదేందే, బిడ్డ బాయి నీళ్ళ మాదిరి సల్లగా ఉండాది?"

"ఇప్పుడే తగ్గింది మా."

"యే మందుకి తగ్గింది?"

చాందిని, "నాకేం కాలే అవ్వా, అమ్మే పొద్దన్నుంచి నా తల పట్టుకోని సూస్తాండాది," అంది.

మునిరత్నమ్మ వేపమండలు గోడ వారన పెట్టి కూర్చుంది. ఆ కూర్చున్న తీరులోనే అంతా తెలుసుకున్నట్టు ఉంది. "నన్ను చాటింపుకి తప్పించేదానికి బిడ్డ మీద అబద్ధం పెట్టినావా? అమ్మవారి నెల్లోనా? అది యినదనుకున్నావా? నీ నాలిక్కి యెముక లేదంటే దానికి సెవులు లేవా?"

"యేం జేసేది మా మరి? నిజం జెప్తే వచ్చేదానివా?"

"రానంటే రాను. నా సావు నేను సస్తా. బిడ్డనెందుకు అడ్డం పెడతావు?"

"నువ్వు సస్తే నీకేం, పోతావు. ఈడ ఉండేది నేను!" అని రోజా అరిచింది. అరిచాక తనకే ఆశ్చర్యమేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎదురింటి వాళ్ళ మిక్సీ చప్పుడు వచ్చి ఆగిపోయింది. మునిరత్నమ్మ లేచింది. సంచి చంకన పెట్టుకుంది. "నాలుగు గంటల బస్సు ఉండాది. పొద్దుగూకే లోపల ఊర్లో పడతా. జాతర అయినాక కుప్పమేమి, కాశీకి రమ్మన్నా వస్తా," అని గడప దాటింది.

సరిగ్గా అప్పుడే ఆమె చంకలో సంచిలోంచి ఫోన్ మోగింది. ఉషా వీడియో కాల్ చేసింది. తెర మీద ముందు ఉషా ముక్కు, తర్వాత సగం ఆకాశం, తర్వాత వీధి కనబడ్డాయి.

"అత్తా! యాడుండావు? మబ్బు పట్టిందని గంగులప్ప ఈతూరి పొద్దుండంగానే బయల్దేరినాడు. తప్పెట తడిస్తే మోగదంట. మన వీధిలోకి వచ్చేసినాడు సూడు!"

ఫోన్లోంచి తప్పెట మోగింది. చిన్న స్పీకరులోంచి వస్తున్నా దెబ్బలో తేడా లేదు. మునిరత్నమ్మ గడపకు అటొక కాలు ఇటొక కాలు వేసి అలాగే నిలబడిపోయింది. రెండు చేతులూ వాటంతటవే దండం పెట్టాయి. ఫోన్ ఆ చేతుల మధ్య ఇరుక్కుని, తెర మీద ఆమె అరచెయ్యి తప్ప మరేమీ కనబడక ఉషా, "అత్తా? అత్తా?" అంటోంది.

"యిన్నాను," అంది మునిరత్నమ్మ. "నా సెవిలో పడింది. ఇంక నేను కట్టులో ఉండేదాన్నే."

"ఫోన్లో యిన్నది గూడా లెక్కేనా మా?" అంది రోజా, ఏడుపు గొంతుతో.

"సెవి నాదే కదా."

"అట్లయితే దుబాయిలో ఉండేవాళ్ళు గూడా వాట్సాప్లో యింటారు. వాళ్ళంతా రాత్రికి విమానమెక్కి రావాల్నా?"

ఉషాకు అవతల ఇదంతా వినిపిస్తోంది. ఆమె గంగులప్పనే ఆపింది. "అన్నా, ఒక్క నిమిషం ఆపు. అత్తకి సెప్పు, ఫోన్లో యిన్నోళ్ళకి కట్టు ఉంటాదా ఉండదా?" అని ఫోన్ అతని మొహం ముందు పెట్టింది.

గంగులప్ప చెమట తుడుచుకుని తెరలోకి చూశాడు. "రత్నమ్మక్కా, నన్నడిగితే యెట్ల? నేను కొట్టేవాణ్ణి. కట్టు పెట్టేది అమ్మవారు. మా నాయన కాలంలో ఫోన్లు లేవు, ఆయన సెప్పిపోలేదు. నువ్వే తేల్చుకో. నాకింకా రెండు వీధులు ఉండాయి, మబ్బు దిగతాండాది," అన్నాడు. తప్పెట మళ్ళీ మొదలైంది, దూరమైంది. ఉషా ఫోన్ పెట్టేసింది.

మునిరత్నమ్మ వెనక్కి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. బస్సు సమయం దాటిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆటో ఎక్కితే ఇంకా పోవచ్చునని కూడా ఇద్దరికీ తెలుసు. చాందిని వేపమండలోంచి ఆకులు తుంచి అవ్వ ఒళ్ళో కుప్ప పోస్తోంది.

చాలాసేపటికి మునిరత్నమ్మ అడిగింది. "ఆ డాక్టరమ్మ యేమి సెప్పిందో మళ్ళా సెప్పు. నువ్వు కలిపింది వద్దు, ఆమె సెప్పింది సెప్పు."

రోజా చెప్పింది. బట్టీ పట్టిన పాటే కాబట్టి తడుముకోలేదు.

"వయసు యెవురి సేతిలో ఉండాది?"

"యెవురి సేతిలోనూ లేదు."

"అమ్మవారి సేతిలో అను. లోతు?"

"అది గూడా."

"ఆ రకమేందో, నాళాలేందో?"

"అవి గూడా మా. నాళాల్లోకి పోలేదు గదా, అది మంచిదన్నారు."

"అంటే అన్నీ ఆమె తూచి ఇచ్చేసింది. కొంచిం తక్కవ, కొంచిం యెక్కవ. ఇంక నా సేతిలో ఉండేది?"

"రేపు పోవడం. మధ్యలో ఆపకపోవడం. అంతే."

మునిరత్నమ్మ ఒళ్ళో ఉన్న వేపాకును గోటితో చీలుస్తూ కూర్చుంది. "ముప్పై యేండ్లు పైగా కుండ మోసినా. కుండ కిందికి దించేది నేనే, నెత్తికెత్తుకునేది నేనే. యే యేడూ ఆమె వచ్చి యెత్తలేదు. నా వంతు పని నేను జేయకుండా పోయి ఆమె కాళ్ళ మీద పడితే, 'నీ సేతులకేమైంది' అని అడగదా?" అంది. ఎవరితో అన్నదో తెలియదు. తర్వాత గొంతు మార్చి, "తప్పు దండగ నేను కట్టుకుంటా. నీ అబద్ధానికి మాత్రం నువ్వే కట్టుకోవాల. జాతర దినం అంబలి నువ్వు కాంచి పోయాల. యాడుంటే ఆడ," అంది.

రోజా తలూపింది. ఏ తల్లయినా అలాంటప్పుడు దేనికైనా తలూపుతుంది.

మరుసటి రోజు పొద్దున చాందినిని నరేంద్రకు అప్పజెప్పి మదనపల్లె నుంచి బస్సెక్కారు. దారి పుంగనూరు మీదుగానే. బస్టాండులో బస్సు ఆగినప్పుడు మునిరత్నమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. అయినా కిటికీ కింద నుంచి ఒక గొంతు పైకి వచ్చింది. వాళ్ళ వీధిలోనే ఉండే సిద్ధమ్మ, కూరగాయల గంపతో.

"యేమ్మో రత్నమ్మా, చాటింపయినాక బయటుండావే! గంగమ్మకి తెలిస్తే సింపుతాది."

"తెలిసే పోతాండాలే. నువ్వు పొద్దుగూకే లోపల ఇల్లు సేరుకో. మొగుడు కాచుకోనుంటాడు."

"ఆయప్ప కాచుకునేది నాకోసరం కాదు, గంపలో ఉండే ఆకూ వక్కలకోసరం," అని నవ్వి, బస్సు కదులుతుంటే సిద్ధమ్మ ఒక తమలపాకుల కట్ట కిటికీలోంచి ఒళ్ళో విసిరింది.

కుప్పంలో ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది తీసుకున్నారు. ఆ వీధిలో సగం గదులు ఇలాంటివాళ్ళవే. తమిళం మాట్లాడేవాళ్ళు, కన్నడం మాట్లాడేవాళ్ళు, అందరి చేతుల్లో ఒకే రకం ఫైలు. వారానికి అయిదు రోజులు కరెంటు. నిజానికి అది ఏమీ చేసినట్టే ఉండదు. చల్లటి బల్ల మీద పడుకోబెడతారు, సిరా గుర్తుల మీదికి ఎర్రటి గీత తెస్తారు, అందరూ బయటికి పోయి తలుపు వేస్తారు. యంత్రం గుంయ్యిమని తిరుగుతుంది. అంతే. "దీనికోసరమా నేను కట్టు తెంచుకోని వచ్చింది," అని మొదటి రోజు మునిరత్నమ్మ పెదవి విరిచింది. రెండో వారానికి కడుపు కదిలింది. నీరసం వచ్చింది. గోడ పట్టుకుని నడిచింది. గుర్తులు చెరగకుండా ఒళ్ళు తుడుచుకోవడం రోజా నేర్పింది.

జాతర ముందు రోజు మునిశేఖర్ ఫోన్ చేశాడు. "అమ్మా, కారు తెస్తా. రేపు పొద్దన్నే వచ్చి, కుండ యెత్తి, సాయంత్రానికి కుప్పంలో దించేస్తా. నిద్ర జేయవు కాబట్టి కట్టూ లేదు. ఒక్క దినమే."

మునిరత్నమ్మ ఆ మాటకు కదిలిపోయింది. రోజాకు అది తల్లి కళ్ళలోనే కనబడింది. ఆపడానికి మళ్ళీ అబద్ధం ఆడే ధైర్యం ఇంక రోజాకు లేదు. డాక్టర్ మాధవీలత దగ్గరికి మునిరత్నమ్మే పోయి అడిగింది. "ఒక్క దినం నిలిపితే యేమైతాది తల్లీ?"

"శని, ఆదివారాలు ఎలాగూ నిలుస్తుంది. మిషన్ చెడితే ఒకరోజు పోతుంది. అది మన చేతుల్లో లేదు. మనంతట మనం మాత్రం ఆపొద్దు," అంది డాక్టర్.

మునిరత్నమ్మ బయటికి వచ్చి కొడుక్కు ఫోన్ చేసింది. "ఉషా నెత్తిన సెంబు గాదు, కుండే పెట్టు. కింద పడితే నేను సూసుకుంటా," అంది.

మంగళవారం రోజా గదిలో గ్యాస్ పొయ్యి మీద రాగి అంబలి కాచింది. మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు. రోజాకు పాళ్ళు సరిగా కుదరలేదు, కొంచెం అడుగంటింది. ఆసుపత్రి గేటు పక్కన నీడలో కుండ పెట్టుకుని, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు గ్లాసుల్లో పోసింది. కడుపులు కదిలినవాళ్ళు, నోరు పూసినవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు తాగారు. ఒక తమిళం ముసలాయన రెండుసార్లు పోయించుకున్నాడు. మునిరత్నమ్మ తన వంతు కరెంటు ముగించుకుని వచ్చి, ఒక గుక్క తాగి, "మాడింది," అంది. గ్లాసు మాత్రం ఖాళీ చేసింది. సాయంత్రం ఉషా వీడియోలో కుండ మోస్తూ కనబడింది. మెడ కర్రలా బిగదీసుకుని, ఒక చేత్తో కుండ, ఒక చేత్తో పక్కవాళ్ళ భుజం పట్టుకుని.

బయటి కరెంటు అయ్యాక కుట్టేసిన చోటికి గొట్టం దూర్చి లోపల పెట్టే కరెంటు కూడా రెండుసార్లు పెట్టారు. మధ్యలో ఒక్కరోజు కూడా వాళ్ళంతట వాళ్ళు ఆపలేదు. ఆఖరి రోజు నరేంద్ర చాందినిని తీసుకుని వచ్చాడు. డాక్టర్ ఫైలు మూసింది.

"ఇప్పటికి చేయాల్సింది చేశాం. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. మొదటి రెండు మూడేళ్ళు ముఖ్యం. షుగర్ అదుపులో పెట్టుకోండి, బరువు తగ్గండి. ఎరుపు కనబడితే మూడు నెలలు ఆగొద్దు, ఆ రోజే రండి."

"మళ్ళీ రాదు కదా?" అని రోజా అడగబోయి ఊరుకుంది. రాసివ్వలేనని అప్పుడే చెప్పారు. చాందిని నుదుటి మీద చెయ్యి వేసి ఊరికే అలా ఉంచుకుంది.

"తల్లీ," అంది మునిరత్నమ్మ, "వచ్చే యేడు జాతరనెల్లో రమ్మని రాస్తే మాత్రం, చాటింపుకి ముందర పడే తేదీ రాయి."

"చాటింపు ఎప్పుడు?"

"అది మా పెద్దోళ్ళు కూసోని తేల్చాల. తేల్చిన దినమే ఫోన్ జేస్తా." ఆమె కూతురి వైపు ఒకసారి చూసి, డాక్టర్ బల్ల మీదికి వంగింది. "మర్చిపోవద్దు. నువ్వు ముందర రాయకుంటే ఇది మళ్ళా బిడ్డకి జొరం తెప్పిస్తాది."